కొంచెం పారేయాలి

అరండల్‌పేట నాలుగో లైన్లో
జిరాక్సు కొట్టు పైన మా గది.
రెండు ఏసీలు, ఒకటి పనిచేస్తుంది.
గోడ నిండా పచ్చ దీపాలు.
సగం ఊరి మాటలు ఇంతింత పొట్లాలై
ఈ గదిలోంచే వెళ్ళాలి.

మార్చిలో ఫిర్యాదులు మొదలయ్యాయి.
మాట తెగుతోందని,
బొమ్మ గళ్ళు గళ్ళుగా విరుగుతోందని.
వచ్చేది ఎక్కువ, పోయే దారి ఒకటే.
నిండిన వరుస చివరకొచ్చిన పొట్లం
చప్పుడు లేకుండా నేలపాలవుతోంది.

నేనేం చేశానంటే, వరుస పొడుగు పెంచాను.
బఫర్ అంటే వసారా అనుకోండి,
ఆ వసారాని వీధి చివరిదాకా కట్టేశాను.
నష్టం సున్నా.
ఆ సున్నాని ఫోటో తీసి
ఓనరు భుజంగరావు గారికి పంపితే
రెండు దణ్ణం బొమ్మలు తిరిగొచ్చాయి.

మర్నాడు సాయంత్రం సంగడిగుంట నుంచి ఫోను.
డోలు మాస్టారు పెదమౌలా గారు.
చిలకలూరిపేట కుర్రాడికి ఇంట్లోంచే పాఠం చెబుతారట.
"అన్నీ వస్తున్నాయమ్మా, ఒక్కటీ పోవట్లేదు.
కానీ నేను తాళం వేశాక
అర సెకనుకి వాడి దెబ్బ పడుతోంది.
వాడు తప్పాడో, మీ తీగ తప్పిందో తెలీక
వాణ్ణి తిట్టాను."
కాసేపు ఆగి,
"ఏడ్చాడు.
ఆ ఏడుపు కూడా ఆలస్యంగానే వచ్చింది."

రాత్రి లెక్కలు తీశాను.
ఎవరో సినిమా దించుకుంటున్నారు.
ఆ బండ మూటల వెనక
ఈక బరువు తకిట ఒకటి
నాలుగు వందల ఎనభై మిల్లీసెకన్లు
కాళ్ళు మార్చుకుంటూ నిలబడి ఉంది.
నేనెవర్నీ పోగొట్టలేదు, నిజమే.
అందర్నీ నిలబెట్టాను.

తీగలు అతికే యలమంద టీ తెచ్చి
నా భుజం మీదుగా ఆ గీత చూశాడు.
కొండలా లేచి, దిగని గీత.
"మిర్చి యార్డులో మూడేళ్ళు మోశానండి.
సీజన్లో ఏటుకూరు రోడ్డు మీద
లారీలు రెండేసి రాత్రులు ఆగేవి.
ఒక్క టిక్కీ పోయేది కాదు.
మంచుకి తడిసి కాయ తెల్లబడేది, అంతే.
లోపలికెళ్ళాక తాలు ధర."
మరేం చేసేవారు?
"మా గేటు గుమస్తా ఉండేవాడండి.
యార్డు నిండకముందే
ఒక్క బండిని తిప్పి పంపేసేవాడు.
ఒక్కడు వెనక్కెళ్తే చాలు,
వినుకొండ దాకా తెలిసిపోయేది.
మిగతావాళ్ళు నిదానించేవాళ్ళు."

ఆ ఒక్కడి సంగతి
అప్పుడు నేనడగలేదు.

వసారా కూల్చేశాను.
ఇరవై మిల్లీసెకన్లు దాటి వరుస కదలకపోతే
ముందున్న ఒకణ్ణి తీసేయమని
రూటరుకి చెప్పాను.
పోయిన పొట్లం కోసం పంపినవాడు చూస్తాడు,
అందిందన్న కబురు రాదు,
అర్థమై అడుగు నెమ్మదిస్తాడు,
అదే సరుకు మళ్ళీ కట్టి పంపుతాడు.
సినిమాకి అది చెల్లుతుంది.
దాటిపోయిన డోలు దెబ్బని
మళ్ళీ పంపితే ఎవరిక్కావాలి?

ఇప్పుడు నష్టం నూటికి అర.
సున్నా ఏమైందని భుజంగరావు గారు అడిగారు.
చెప్పబోయాను, ఆయన ఫోన్లో ఇంకెవరో వచ్చారు,
నన్ను లైన్లో ఉంచారు.

పెదమౌలా గారు మళ్ళీ చేయలేదు.
ఈ ఉద్యోగంలో మెచ్చుకోలు అంటే అదే.
కానీ తెల్లవారుజామున మూడింటికి
ఎర్ర అంకె ఒకటి పెరిగినప్పుడల్లా
చెయ్యి కీబోర్డు మీదే ఆగుతుంది.
పొట్లం విప్పి చూసే హక్కు నాకు లేదు.
అందులో సినిమా ముక్కే ఉందో,
జీజీహెచ్‌లో మంచం మీంచి
ఎవరో ఓపిక చేసుకుని అన్న
"ఊఁ" ఉందో.

యలమందని చివరికి అడిగాను,
తిప్పి పంపిన ఆ బండి ఎవరిదని.
"ఒకసారి మా బాబాయిదేనండి,"
అన్నాడు,
టీ గ్లాసులు కడుగుతూ.